తెలుగు పత్రికల జమాఖర్చులు

మన గ్రంథాలయమునకు ఇరువదియైదేండ్లు నిండిన సందర్భమున వెలువడుచున్న ఈ సంచికకు నన్నొక వ్యాసము వ్రాయుమని కార్యదర్శిగారు కోరినప్పుడు, ప్రబంధములను గూర్చి యేదైన వ్రాయుదునని వారు తలచి యుందురు. నేనును మొదట అట్లే తలచితిని. కాని సంచికలో చేర్చుటకై గ్రంథాలయపు పాత లెక్కలను వెలికి తీయుచుండగా వోచర్ల కట్టలోనుండి ఒక పోస్టుకార్డు జాఱిపడినది. దానిని చదివిన పిమ్మట వేఱొక విషయము వ్రాయుటకు మనసొప్పలేదు. ఆ కార్డు సంగతి చివర మనవి చేసెదను.

నేను గ్రామ లెక్కలు వ్రాయువాడను. బడిలో చదివినది స్వల్పము. భారత భాగవతములను, ప్రబంధములను నాయంతట నేను కూడబలుకుకొని చదువుకొంటిని. కావున పత్రికల చరిత్రను పండితులవలె భావముల చరిత్రగా చెప్పజాలను. డబ్బు ఎచ్చటనుండి వచ్చినది, ఎచ్చటికి పోయినది, ఎవరు చెల్లించిరి, ఎవరు బాకీపడిరి అను చిట్టా ఆవర్జాల దృష్టితోనే చెప్పగలను. ఈ దృష్టితో చూచినచో నాకొక సంగతి స్పష్టముగా కనబడుచున్నది. తెలుగు పత్రిక అట్టమీద ముద్రించిన వెలతో జీవించిన కాలము మిక్కిలి కొంచెము. మిగిలిన కాలమంతయు దాని వెలను మఱియొకరు చెల్లించుచు వచ్చిరి.

పూర్వకాలమున కావ్యమునకు కృతిభర్త యుండెడివాడు. మనుచరిత్రమునకు కృష్ణదేవరాయలు కృతిభర్త. శ్రీనాథుని హరవిలాసమునకు అవచి తిప్పయసెట్టి యను సుగంధద్రవ్యముల వర్తకుడు కృతిభర్త. పోతనామాత్యుడు తన భాగవతమును రాజునకీయక శ్రీరామచంద్రునకు సమర్పించెను. కవి పోషణ యెట్లు జరిగినదో లోకులు చెప్పుకొను కథలలో హాలికుడుగా కనబడుచున్నాడు. ఈ మూడు మార్గములును పత్రికలకు సంక్రమించినవి. రాజుల, జమీందారుల అండతో నడచినవి కొన్ని, వర్తకుని ధనముతో నడచినవి కొన్ని, దైవముమీద భారము వేసి నడచినవి అనేకములు. అచ్చుయంత్రము వచ్చిన పిమ్మట నాలవ మార్గమొకటి యేర్పడినది. అది వేయిమంది కలిసి తలకొక రూపాయి వేసికొని ఒక కృతిభర్త యగుట. చందా అను మాటకు నిజమైన యర్థమిదియే. ఈ నాలవ మార్గము మనదేశమున ఎంతవఱకు ఫలించినదో చూతము.

కందుకూరి వీరేశలింగముగారు 1874లో వివేకవర్ధని యను మాసపత్రికను ప్రారంభించిరి. అప్పటికి వారు ధవళేశ్వరమున పాఠశాల ఉపాధ్యాయులు. పత్రిక సంపాదకుడు గోదావరి యొడ్డున, పత్రిక అచ్చగునది చెన్నపట్టణమున, కొక్కొండ వేంకటరత్నముగారి సంజీవనీ ముద్రాక్షరశాలయందు. గోదావరిమీద రైలు వంతెన 1900లో గాని యేర్పడలేదు. ఇక్కడ వ్రాసిన కాగితములు అక్కడికి పోవలెను; అక్కడ కూర్చిన ప్రూఫులు దిద్దబడవలెను; అచ్చయిన ప్రతులు మరల ఇక్కడికి రావలెను. ఆ దూరపు అవస్థ పడలేక వారు కొంతకాలమునకే రాజమహేంద్రవరముననే ముద్రాయంత్రమును నెలకొల్పిరి. ఇది చిన్న సంగతి కాదు. పత్రిక పెట్టినవాడు ప్రెస్సు పెట్టక తప్పదనియు, ప్రెస్సు పెట్టినవాడు దానికి పని కల్పించుటకు పుస్తకములును అచ్చువేయక తప్పదనియు ఆనాడే తేలినది. వారి రాజశేఖర చరిత్రము మొదట వివేకవర్ధనిలో భాగములుగా వెలువడి 1880లో పుస్తకమైనది. ఒకమాఱు కూర్చిన కథ రెండు విధముల అక్కఱకు వచ్చుట పత్రికా వ్యాపారమున మొదటి పొదుపు.

1891లో చింతామణి యను పత్రిక న్యాపతి సుబ్బారావుగారి యాదరణతో బయలుదేరినప్పుడు నవలల పోటీలు పెట్టి బహుమతులిచ్చిరి. చిలకమర్తివారి రామచంద్రవిజయము 1894లో అట్లు బహుమతి పొందినదే. పోటీ పెట్టినచో మంచి రచన లభించును, పత్రిక పేరు నలుగురి నోట పడును. ఈనాడును కథలపోటీ ప్రకటింపని పత్రిక అరుదు.

ఇక ఖర్చు ఎట్లు పడునో చెప్పవలెను. ఇది తెలియకున్నచో తక్కిన చరిత్ర బోధపడదు.

సీసపు అక్షరముల కాలమున కంపోజిటరు ఒక్కొక్క అక్షరమును గడులలోనుండి ఏరి వరుసగా కూర్చెడివాడు. ఇంగ్లీషు అక్షరములకు కొద్ది గడులు చాలును. మనకు గుణింతములు, ఒత్తులు, సంయుక్తాక్షరములు. కొన్ని వందల అచ్చులు కావలెను. చిన్న ప్రెస్సులో అన్ని అక్షరములుండవు గనుక ఒక ఫారము, అనగా ఎనిమిదో పదునారో పుటలు, కూర్చి అచ్చువేసి, అక్షరములను మరల విడదీసి గడులలో వేసికొని, తరువాతి ఫారము మొదలుపెట్టెడివారు. ప్రూఫులు దిద్దుట వేఱు. ఇంత శ్రమయు ఒక్క ప్రతి అచ్చువేసినను, పదివేలు వేసినను ఒక్కటియే. కాగితము, సిరా, కుట్టు, రేపరు, తపాలా మాత్రము ప్రతికింత చొప్పున పెరుగును. ఇప్పుడు సీసపు అక్షరములు పోయి కంప్యూటరు వచ్చినది గాని ఈ ధర్మము మాఱలేదు.

మాటవరుసకు ఒక మాసపత్రికను తీసికొందము. అంకెలు లెక్క సులభముగా నుండుటకు నేను కల్పించినవి. ఏ పత్రికవియు కావు. నెలకు కూర్పు, దిద్దుబాటు, బొమ్మలు, కార్యాలయపు అద్దె కలిసి 12,000 రూపాయలనుకొందము. ప్రతికి కాగితము, అచ్చు, తపాలా కలిసి 12 రూపాయలు. వెల 20 రూపాయలు. చందాదారులు 1,000 మంది యున్నచో ఖర్చు 24,000, రాబడి 20,000. నెలకు 4,000 నష్టము. 1,500 మంది యున్నచో ఖర్చు 30,000, రాబడి 30,000, తట్టు సరి. 3,000 మంది యున్నచో 12,000 లాభము. ఇంతవఱకు బాగుగనే యున్నది. ఆ 1,500 మందిలో ఐదవవంతు, అనగా 300 మంది చందా పంపలేదనుకొనుడు. పత్రిక వారికి పోవుచునేయున్నది, కాగితము వ్యయమగుచునేయున్నది. రాబడి 24,000కు దిగును. నెలకు 6,000, ఏటికి 72,000 లోటు. ఆ 300 మందిలో ఎవనిని అడిగినను, నేనియ్యవలసినది 240 రూపాయలే గదా, దానికే పత్రిక మునుగునా అనును. వాని మాట అబద్ధము కాదు. అందఱును ఆ మాటనే అనుట వలన మునుగుచున్నది.

దుకాణములలో అమ్మినచో ఇంతకంటె మేలని కొందఱు తలంతురు. ఏజెంటు రూపాయికి పావలా చొప్పున కమీషను ఉంచుకొన్నచో 20 రూపాయల పత్రికకు ప్రచురణకర్త చేతికి 15 వచ్చును. నూఱు ప్రతులు పంపినచో 12 చొప్పున 1,200 ఖర్చు. అందులో ముప్పది అమ్ముడుపోక తిరిగివచ్చినచో 70 ప్రతులకు 1,050 వచ్చును. కూర్పు ఖర్చు లెక్కలోనికి రాకముందే నూటికి 150 రూపాయల నష్టము. తిరిగివచ్చిన ప్రతిని మఱుసటి నెల కొనువాడు లేడు. వడ్లు గాదెలో నిలువయున్నచో ధర రావచ్చును. పాత వారపత్రికకు తూకపు ధరయే.

ఈ లెక్క తెలిసియు పత్రికలు పెట్టినవారి ధైర్యమును మెచ్చుకొనవలెనో, వారి అమాయకత్వమునకు జాలిపడవలెనో నాకు తోచదు.

కాశీనాథుని నాగేశ్వరరావుగారు మాత్రము అమాయకులు కారు. కృష్ణాజిల్లా ఎలకుఱ్ఱు గ్రామమున పుట్టి బొంబాయికి పోయి 1893లో అమృతాంజనమును తయారుచేసి అమ్మనారంభించిరి. తలనొప్పి మందు అమ్మి ధనము గడించిన పిమ్మట 1908లో బొంబాయిలోనే ఆంధ్రపత్రికను వారపత్రికగా నెలకొల్పిరి. తెలుగుదేశమునకు అంతదూరమున తెలుగు పత్రిక యేమిటని నేడు మనకు వింతగా తోచును. అక్కడ తెలుగువారు, అందులో కాయకష్టము చేయువారు, పెక్కుమంది యుండిరి. 1910 నుండి ఉగాదికి ప్రత్యేక సంచికలు వెలువరించిరి. 1914లో పత్రిక చెన్నపట్టణమునకు తరలి ఏప్రిలు 1 నుండి దినపత్రికయైనది. 1924 జనవరిలో భారతి మాసపత్రిక పుట్టినది.

భారతి లాభము కొఱకు పెట్టిన పత్రిక కాదు. శాసనములను గూర్చి, ఛందస్సును గూర్చి, తాళపత్ర ప్రతుల పాఠభేదములను గూర్చి వ్రాసిన దీర్ఘవ్యాసములను ఎందఱు కొని చదువుదురు? అయినను అది 1991 వఱకు, అనగా అఱువదియేడేండ్లు, నడచినది. అమృతాంజనము ఆదాయమే నాగేశ్వరరావుగారి పత్రికలకు వెన్నెముక యని అందఱెఱిగినదే. అవచి తిప్పయసెట్టి కర్పూరాదుల వ్యాపారమునకును, పంతులుగారి అమృతాంజనమునకును వాసన యొక్కటియే యని నేను నవ్వుకొనుచుందును. ఒకటి హరవిలాసమును నిలిపినది, రెండవది భారతిని నిలిపినది. మా పాత పెట్టెలో దొరకిన భారతి సంచికలు పండ్రెండు ఇప్పుడు మన గ్రంథాలయములోనే యున్నవి. వాని తెలుగును నేర్చుకొనియే నేనీమాత్రము వ్రాయుచున్నాను. కావున అమృతాంజనము రాచుకొని తలనొప్పి పోగొట్టుకొన్న వేలమంది అజ్ఞాతులకు నేను ఋణపడియున్నాను.

ఇదే మార్గమున చెన్నపట్టణమున కె. ఎన్. కేసరిగారు నడచిరి. వారి కేసరి కుటీరము ఆయుర్వేద ఔషధశాల. స్త్రీలకొఱకు తయారుచేసిన లోధ్ర ప్రసిద్ధికెక్కినది. 1928లో వారు గృహలక్ష్మి యను స్త్రీల మాసపత్రికను ప్రారంభించిరి. కనుపర్తి వరలక్ష్మమ్మగారి శారదలేఖలు అందులో వెలువడినవి. రచయిత్రులకు స్వర్ణకంకణమిచ్చి గౌరవించు ఏర్పాటును వారు చేసిరి. ఇది దానమా, వ్యాపారమా యని కొందఱు తర్కింతురు. నా లెక్కలో రెండును. మందు కొనువారును, పత్రిక చదువువారును ఒక్కరే యయినచో ప్రకటన ఖర్చు పత్రికలోనే కలిసిపోవును. ఇందులో తప్పేమియు నాకు కనబడదు. అయితే ఔషధము మీద ఆధారపడిన పత్రిక ఆయుర్దాయము ఆ ఔషధమును అమ్మువారి సంకల్పమునుబట్టి యుండును, చదువరుల కోరికనుబట్టి కాదు. ఇదొక్కటి మఱువరాదు.

చదువరుల యూతము మీదనే నిలువదలచిన పత్రికల కథ వేఱు. మచిలీపట్టణమున 1902లో పుట్టిన కృష్ణాపత్రికకు కొండా వెంకటప్పయ్య, దాసు నారాయణరావుగార్లు ఆద్యులు. ముట్నూరి కృష్ణారావుగారు 1907 మొదలు 1945లో మరణించువఱకు దాని సంపాదకులు. ముప్పదియెనిమిదేండ్లు ఒక్క మనిషి ఒక్క పత్రికను పట్టుకొని కూర్చుండుట సామాన్యము కాదు. ఆ కాలమున దారిద్ర్యముతోపాటు ప్రభుత్వపు భయమును గలదు. గాడిచర్ల హరిసర్వోత్తమరావుగారు 1908లో బెజవాడ స్వరాజ్య పత్రికలో వ్రాసిన వ్రాతకు చెఱసాలకు పోయిరి. 1910 నాటి ముద్రణాలయముల చట్టము ప్రెస్సు యజమానినుండి ధరావతు అడుగుటకు అధికారమిచ్చినది. పాలకులకు రుచింపని మాట వ్రాసినచో ఆ సొమ్ము పోవును. జమాఖర్చు పుస్తకములో ఈ పద్దును ఏ శీర్షిక క్రింద వ్రాసిరో చూడవలెనని నాకు కోరిక.

నిజాం రాజ్యమున పరిస్థితి ఇంకను కఠినము. అక్కడ తెలుగు పత్రిక యనుటయే సాహసము. అయినను 1922లో రెండు పత్రికలు పుట్టినవి. ఒకటి నల్లగొండ నుండి షబ్నవీసు వెంకటరామనరసింహారావుగారి నీలగిరి పత్రిక. రెండవది ఇనుగుర్తి నుండి ఒద్దిరాజు సీతారామచంద్రరావు, రాఘవరంగారావు సోదరుల తెనుగు పత్రిక. ఇనుగుర్తి యనగా పట్టణము కాదు. ఇప్పటి మహబూబాబాదు జిల్లాలోని పల్లె. మన ఊరివంటి ఊరిలో, సొంత యంత్రము పెట్టుకొని, అన్నదమ్ములిద్దఱు కూర్చుండి పత్రికను వ్రాసి, అచ్చువేసి, విలాసములు వ్రాసి పంపిరి. కొన్నియేండ్లకు ఆ పత్రిక నిలిచిపోయినది. 1926 మే 10న హైదరాబాదున సురవరం ప్రతాపరెడ్డిగారి గోలకొండ పత్రిక మొదలైనది. తెలంగాణమున కవులు లేరను మాటకు సమాధానముగా వారు 1934లో 354 మంది కవుల రచనలతో గోలకొండ కవుల సంచికను వెలువరించిన సంగతి పెక్కురెఱుగుదురు. ఇనుగుర్తి సంగతి మాత్రము అంతగా ఎఱుగరు. అందుకే ఇక్కడ కొంచెము నిలిచితిని.

ఈ పత్రికలన్నిటి వెనుక నున్న బలము తపాలాశాఖ. పత్రికగా రిజిస్టరైనచో తక్కువ రుసుముతో ఊరూర చేరును. మనియార్డరు వచ్చిన పిమ్మట చందా పంపుట సులభమైనది, వి. పి. వచ్చిన పిమ్మట చందా అడుగుట సులభమైనది. వి. పి. యనగా పోస్టుమేను కట్టను తెచ్చి, డబ్బు పుచ్చుకొని, సొమ్మును పంపినవారికి చేర్చు పద్ధతి. కాని పుచ్చుకొననని తిరుగగొట్టినచో రాకపోకల ఖర్చు పత్రికకే తగులును. ఏడాదిపొడుగున పత్రిక తెప్పించుకొని చదివి, ఏడాది చివర వి. పి. వచ్చిననాడు ఊరిలో లేనని చెప్పించిన పెద్దమనుషులు ప్రతి గ్రామమున నుండిరి. మన గ్రామమున లేకుండిరని నేననజాలను. అందుకే వెనుకటి పత్రికలలో సంపాదకుని విన్నపము లేని సంచిక అరుదు. చందాదారులకు మనవి యని మొదలుపెట్టి, వినయముగా, పిదప దీనముగా, తుదకు ఒకింత కోపముగా సాగు ఆ వ్రాతలను వరుసగా చదివినచో పత్రిక ఆయుర్దాయము ఎన్ని నెలలో చెప్పవచ్చును. చట్టములు చంపిన పత్రికలకంటె బాకీలు చంపినవి ఎక్కువ యని నా నమ్మకము.

రెండవ ప్రపంచ యుద్ధకాలమున కాగితము నియంత్రణలోనికి పోయి పత్రికలు చిక్కినవి. స్వాతంత్ర్యము వచ్చిన తరువాత వ్యాపారము కొత్త రూపు తాల్చినది. 1947 జూలైలో నాగిరెడ్డి, చక్రపాణిగార్లు చందమామను తెలుగున, తమిళమున ప్రారంభించిరి. దాని రహస్యము లెక్క తెలిసినవారికి ఆనందము కలిగించును. పైన చెప్పిన 12,000 రూపాయల కూర్పుఖర్చులో బొమ్మల ఖర్చు పెద్దది. చందమామలో బొమ్మ ఒకసారి వేయించి, అదే బొమ్మను అదే పుటలో అన్ని భాషలకును వాడుకొనిరి; కథ మాత్రము ఆయా భాషలలో ఆ చోటికి సరిపోవునట్లు వ్రాయించిరి. క్రమముగా పండ్రెండు భాషలకు తక్కువగాక వెలువడినది. వడ్డాది పాపయ్యగారి ముఖచిత్రము, చిత్రా, శంకర్‌గార్ల రేఖలు ఒక్క తెలుగు పిల్లవాని చందాతో సాధ్యము కావు. దేశములోని పిల్లలందఱును కలిసి చెల్లించిరి. 1952 నుండి 1980 వఱకు కొడవటిగంటి కుటుంబరావుగారు ఆ కథలకు భాష కూర్చిరి. అంతటి పత్రికయు 1998లో నిలిచి, మరుసటియేడు లేచి, చేతులు మాఱి, 2013 ప్రాంతమున అంతరించినది. చందమామయే పోయినప్పుడు చిన్న పత్రికల మాట చెప్పవలెనా!

వారపత్రికల వైభవమును గూర్చి మన చదువరులకు నేను చెప్పవలసినది లేదు. అత్తాకోడండ్రు ఒకే సంచికకు తగవులాడిన కాలము అందఱికి జ్ఞాపకమే. ఆంధ్రప్రభ వారపత్రిక 1952లో, ఆంధ్రజ్యోతి వారపత్రిక 1967లో, స్వాతి 1970లో మాసపత్రికగాను 1984లో వారపత్రికగాను వచ్చినవి. ధారావాహిక నవలయే వాని ప్రాణము. కథను ఉత్కంఠలో ఆపినచో వచ్చేవారము కొనక తప్పదు. కొనువారెందఱో తెలిసినచో ప్రకటనలిచ్చువారు వత్తురు. అమ్మకపు లెక్కలను తనిఖీచేయుటకు 1948లో ఆడిట్ బ్యూరో ఆఫ్ సర్క్యులేషన్స్ అను సంస్థ యేర్పడినది. అప్పటినుండి ప్రకటనకర్తయే కృతిభర్త. సబ్బు, నూనె, చీరలు, సినిమా. చదువరి ఇచ్చు వెల కాగితము ఖర్చుకు చాలునో చాలదో, మిగిలినది వారిచ్చుచుండిరి. దీనివలన పత్రిక చవుకయైనది, అందముగాను నుండెను. నాకొక్కటే బాధ. చదువరిని మెప్పించి డబ్బు సంపాదించుటకును, చదువరి సంఖ్యను చూపి డబ్బు సంపాదించుటకును భేదమున్నది. రెండవదానిలో శాసనముల వ్యాసమునకు చోటు లేదు. టెలివిజను వచ్చి సీరియలును ఉచితముగా చూపినప్పుడు ప్రకటనకర్త అక్కడికి తరలిపోయినాడు. 2020లో కరోనా వ్యాధి వ్యాపించి రైళ్లు, బస్సులు నిలిచినప్పుడు కొన్ని పత్రికలు ముద్రణ నాపి మరల లేవలేదు.

ఇందులో గ్రంథాలయముల పాత్ర యేమి? 1914 ఏప్రిలు 10న బెజవాడలో ఆంధ్రదేశపు గ్రంథాలయ కార్యకర్తలు సమావేశమైరి. అయ్యంకి వెంకటరమణయ్యగారు ఆ యుద్యమమునకు ప్రాణము. వారే 1910లో ఆంధ్రభారతి యను మాసపత్రికను మచిలీపట్టణమున నడపినవారు. ఊరికొక గ్రంథాలయమున్నచో ఊరికొక నమ్మకమైన చందాదారుడున్నట్లే. వ్యక్తి ఊరువిడిచిపోవచ్చును, మనసు మాఱవచ్చును, గ్రంథాలయము కదలదు. అందువలన చిన్న పత్రికలు గ్రంథాలయములను ఆశించినవి. ఒక ప్రతిని ఏబదిమంది చదివినచో నలుబదితొమ్మిది చందాలు నష్టము గదా యని నేనొకప్పుడు వాదించితిని. అది తప్పు. ఆ ఏబదిమందిలో సొంతముగా కొనగలవారు ఇద్దఱో ముగ్గురో. వారును ఇక్కడ రుచి మరిగి కొన్నవారే. కాని ఆ ఒక్క చందానైనను గ్రంథాలయము చెల్లింపవలెను.

ఇక కార్డు సంగతి.

2002లో మన గ్రంథాలయము ఒక చిన్న సాహిత్య మాసపత్రికకు చందా కట్టినది. ఏటికి 120 రూపాయలు. ఉద్యోగ విరమణ చేసిన ఉపాధ్యాయు డొకరు తన పింఛనుతో దానిని నడపుచుండిరి. రేపరు మీద విలాసము ఆయన చేతివ్రాతయే. పేరు చెప్పను. మరుసటి సంవత్సరము చందా గడువు తీరినను పత్రిక వచ్చుచునేయుండెను. గ్రంథాలయమని నమ్మి పంపిరి. ఆ యేడు పత్రికల పద్దులో మిగిలిన సొమ్ముతో మేము ఇనుప బీరువా కొంటిమి. పత్రికలను చెదలు తినుచున్నవని, వానిని భద్రపఱచుటకే కొంటిమి. సలహా నాదియే, తీర్మానము వ్రాసినదియు నేనే. 2003, 2004 సంవత్సరములకు కలిపి 240 రూపాయలు పంపవలసినదని ఆయన మూడు కార్డులు వ్రాసిరి. మొదటి రెండును ఎక్కడ పోయినవో తెలియదు. మూడవది నాకు దొరకినది. అందులో కోపము లేదు. గ్రంథాలయము ఇబ్బందిలో నున్నచో చందా తరువాత పంపవచ్చుననియు, పత్రిక మాత్రము ఆపననియు వ్రాసిరి. 2004 డిసెంబరు సంచికయే కడపటిది.

ఆ కార్డు పట్టుకొని ఆ సంవత్సరముల ఆవర్జాను తిరుగవేసితిని. బాకీ పద్దు ఎక్కడను లేదు. బిల్లు రాలేదన్నట్లు, ఎవరికిని ఒక్క పైసయైన ఇయ్యవలసినది లేదన్నట్లు ఇరువదియేండ్ల లెక్కలు నిగనిగలాడుచున్నవి. ఆడిటరు ప్రతియేడు మెచ్చుకొని సంతకము చేసిరి.

ఈ సంగతిని కార్యవర్గము ముందుంచితిని. నిలిచిపోయిన పత్రికకు బాకీ యేమిటని ఒకరు, కాలపరిమితి దాటినదని మఱియొకరు అనిరి. ఇద్దఱును లెక్కప్రకారము సరిగనే చెప్పిరి. కొంత వాదమైన పిమ్మట అధ్యక్షులు, ముందు సొమ్ము పంపి చూడుడనిరి. కార్డుమీది విలాసమునకు ఉత్తరము వ్రాసితిమి. విలాసదారు లేరని తిరిగివచ్చినది. ఆ పట్టణమున నున్న మన యూరి యువకు డొకడు వెదకి, ఆ యిల్లు పడగొట్టి వేఱొకటి కట్టినారనియు, కుటుంబమువారెచ్చటికి పోయిరో చుట్టుపట్ల ఎవరికిని తెలియదనియు చెప్పెను. కావున ఈ సంవత్సరపు లెక్కలలో, చెల్లింపవలసినవి అను శీర్షిక క్రింద, మొదటి వరుసలో ఆ 240 రూపాయలను వ్రాసితిని.

ఆ పత్రిక మూడేండ్ల సంచికలు ముప్పదియాఱు మనకు అందినవి. బీరువాలో ముప్పదియొకటి యున్నవి. 2002 ఆగస్టు, 2003 మార్చి, ఏప్రిలు, 2004 జూను, అక్టోబరు సంచికలు లేవు. ఎవరైన చదువుటకు ఇంటికి తీసికొనిపోయి మఱచియున్నచో, సాయంకాలము ఆఱు మొదలు ఎనిమిది గంటలవఱకు నేను గ్రంథాలయమునందే యుందును, తెచ్చి యియ్యగోరెదను. ఆలస్య రుసుము తీసికొనము.